కెంజెతాయ్ చేతి కడియం

ఆ ఉదయం కెంజెతాయ్ ఆ దారిన నడవడం అది మూడోసారి. క్వారీ గేటు నుంచి కాలనీలోని వైద్య గదికి నాలుగు కిలోమీటర్లు, అక్కణ్ణుంచి గేటుకి మళ్లీ నాలుగు. రెండు పక్కలా గడ్డిమైదానం. గాలి మాత్రం ఎటు నడిచినా మొహానికే కొడుతుంది. క్వారీ ఉన్న ఈ కోక్‌తాస్ ఊరి గాలి గుణం అది.

దారి వెంట అక్కడక్కడా పెద్ద మట్టి దిబ్బలున్నాయి. రెండున్నర వేల ఏళ్ల కిందట శకుల దొరల్ని బంగారు కడియాలతో సహా వాటిలో పూడ్చిపెట్టారు. పుస్తకాల వాళ్లు ఆ బంగారం గురించి పేజీలకు పేజీలు రాస్తారు. ఆ దొరల్లో ఒక్కడు కూడా కంకర మర పక్కన, తిరిగే బెల్టు దగ్గర పనిచేయలేదని మాత్రం ఎవరూ రాయరు. పనిచేసి ఉంటే గేటు దగ్గరే కడియాలు ఊడబెరికి ఉండేవాళ్లు.

వెనక నుంచి లారీ వచ్చి పక్కన ఆగింది. వెనుక తొట్టిలో మందుల పెట్టెలు, వాటి మీద కాళ్లు కట్టేసిన ఒక గొర్రె. డ్రైవరు పక్కనున్న ముప్పయ్యేళ్లావిడ తల బయట పెట్టి, పెద్దన్న వరసలో 'ఆగా' అని పిలిచింది.

"ఆగా, ఎక్కు! ఈ గాలిలో నడకేంటి?"

కెంజెతాయ్ ఎక్కాడు. అంతకు మించి జవాబు అవసరమని అతనికి తోచలేదు. యాభై రెండేళ్ల మనిషి. గుర్రాల ఫారంలో పుట్టి, గుర్రాలతో మాట్లాడినంత మనుషులతో మాట్లాడకుండా పెరిగాడు. ఇరవై రెండేళ్లుగా బెల్టు కాపలా. బెల్టు శబ్దంలో ఎవరి మాటా వినపడదు. ఆ ఉద్యోగం తన కోసమే పుట్టించారని అతని నమ్మకం.

"ఎక్కడికి?" అందావిడ.

"వైద్య గదికి. చీటీ కోసం."

"నేనూ అక్కడికే. కొత్త నర్సుని, ఉల్మెకెన్ అంటారు. ముసలి కాంపౌండరు జుమాదిల్ ఇవాళ్టితో దిగిపోతున్నాడు. నీకేం జబ్బు?"

"జబ్బేం లేదు."

"మరి చీటీ?"

కెంజెతాయ్ ఎడమ చెయ్యి ముందుకు చాపాడు. మణికట్టుకి ఉక్కు కడియం. దాని మీద పాము చుట్టుకున్న కర్ర బొమ్మ, కింద రెండు భాషల్లో ఎర్ర అక్షరాలు: *అనల్జిన్ పడదు. సూది వేస్తే ప్రాణం పోతుంది.*

"మంచిదేగా," అంది ఉల్మెకెన్. "అందరూ ఇలాంటివి పెట్టుకుంటే నా పని సగం తగ్గుతుంది."

"గేటు దగ్గర భద్రతాధికారి తీసెయ్యమంటాడు."

"అయితే తీసెయ్."

"తీసేస్తే జుమాదిల్ చీటీ ఇవ్వడు."

"అయితే పెట్టుకో."

"పెట్టుకుంటే గేటు దాటనివ్వడు."

గొర్రె కూడా ఆలోచనలో పడినట్టు అరవడం మానేసింది. ఉల్మెకెన్ డ్రైవరు వంక చూసింది. డ్రైవరు దారి వంక చూశాడు.

సంగతి ఇదీ. షిఫ్టుకి పోయే ముందు ప్రతివాడూ వైద్య గదిలో రక్తపోటు చూపించుకుని, తాగలేదని గొట్టంలో ఊది, చీటీ పుచ్చుకోవాలి. ఫైల్లో హెచ్చరిక ఉన్నవాడు దాన్ని ఒంటి మీద చూపించాలి. చూపిస్తే చీటీ మీద రాస్తారు: 'కడియం ఉన్నది'. ఆ చీటీ తీసుకెళ్లి గేటు దగ్గర ఇస్తే, భద్రతాధికారి ముందు చెయ్యి చూస్తాడు. కడియం ఉంటే, లోహం నిషిద్ధం. జేబులో పెట్టుకుంటే, చీటీలో ఉన్నది చేతికి లేదు గనుక చీటీ చెల్లదు, కొత్తది తెచ్చుకో. రెండు రూల్సూ ఒకే పెద్దాఫీసు నుంచి, ఒకే వారంలో, ఒకే సంతకంతో వచ్చాయి.

ఆ భద్రతాధికారి పేరు రుడోల్ఫ్ గుస్తావొవిచ్. తాతల కాలంలో, యుద్ధమప్పుడు, ఇక్కడి జర్మన్లని ప్రభుత్వం రైళ్లకెక్కించి ఈ మైదానంలో దింపేసింది, అలా దిగినవాళ్ల మనవడు. పేరులో ముందు ముక్క మాత్రం ఉంచి చివర 'కె' తగిలిస్తే ఇక్కడ మర్యాద. అందుకని అందరూ ఆయన్ని రుదెకె అంటారు, కెంజెతాయ్‌ని కెనెకె అంటారు. రుదెకెకి తొమ్మిది వేళ్లు. పదోది, ఉంగరం వేలు, పెళ్లయిన నాలుగో నెల్లో పెళ్లి ఉంగరంతో పాటు బెల్టు రోలరులోకి పోయింది. ఉంగరం దొరికింది, వేలు దొరకలేదు. కొత్తగా చేరిన ప్రతివాడికీ ఆయన ఆ మొండి చూపించి ఒకటే మాట చెబుతాడు: "పాఠం ఇదే. పుస్తకం అక్కర్లేదు."

అందుకే ఆయన్ని తిట్టడానికి కెంజెతాయ్‌కి నోరు రాదు. రుదెకె చెప్పేది నిజం. బెల్టు ఎవరి జబ్బూ చదవదు, ఏది దొరికితే అది లాక్కుంటుంది. కడియమైతే చేతితో సహా.

మరి తీసి ఇంట్లో పెట్టెయ్యొచ్చు కదా? దానికీ ఒక కథ ఉంది. మూడేళ్ల కిందట కడుపునొప్పని పట్నం ఆసుపత్రికి తీసుకెళ్తే ఎవరో అనల్జిన్ సూది వేశారు. ఈ దేశంలో ఆ సూది వెయ్యని నొప్పి లేదు. కెంజెతాయ్ మొహం గుమ్మడికాయలా ఉబ్బింది, ఊపిరి ఆగింది. ఎంతసేపటికో స్పృహ వచ్చేసరికి, మంచం పక్కన పెళ్లాం తరఫు బంధువులు అతని దినం భోజనానికి ఏ గుర్రాన్ని కొయ్యాలో తేల్చుకుంటున్నారు. ఎర్రగోధుమ రంగు కుమ్మెత్తు గుర్రమైతే బాగా బలిసి ఉందన్నాడొకడు. కుమ్మెత్తు గుర్రం కెంజెతాయ్ ప్రాణం. "దాన్ని ముట్టుకుంటే చంపేస్తా," అంటూ లేచి కూర్చున్నాడు. డాక్టర్లు తామే బతికించామంటారు. కెంజెతాయ్ లెక్కలో బతికించింది గుర్రం.

తర్వాత అల్మాటీలో ఉన్న కూతురు కడియం చేయించి పంపింది. ఇంకోసారి ఎవరైనా సూది తీస్తే, తన నోరు పనిచెయ్యకపోతే, చెప్పడానికి ఆ కడియం ఒక్కటే దిక్కు. ఎందుకంటే కెంజెతాయ్ ఆ మాట ఎవరికీ చెప్పుకోలేదు. రోగం పేరు నోటితో అంటే రోగం వింటుందని వాళ్లమ్మ చెప్పింది, ఆవిడకి వాళ్లమ్మ చెప్పింది. కాలనీలో మగాడు తన జబ్బు గురించి మాట్లాడడం పొయ్యి మీద ఉమ్మినంత తప్పు. దాంతో కడియం చూసినవాళ్లంతా అక్షరాలు చదవకుండానే తమకు తోచింది అనుకున్నారు. కోర్టు వాళ్లు తగిలించిన, పారిపోకుండా కనిపెట్టే కడియమని తేల్చారు. పక్కింటావిడ జాలిపడి వారం రోజులు వేడి రొట్టె పంపింది. పోలీసులు రాకపోయేసరికి మానేసింది.

ఇదంతా లారీలో కెంజెతాయ్ చెప్పలేదు. చేరాక ఫైలు చూసి, ముసలి జుమాదిల్‌ని అడిగి, ఉల్మెకెనే కూడగట్టుకుంది. ఆ రోజుకి చీటీ మీద 'కడియం ఉన్నది, తాత్కాలికంగా కనపడదు' అని రాసిచ్చింది. రుదెకె ఆ చీటీని ఎండకేసి పట్టి అరగంట చూసి, "సాహిత్యం," అని లోపలికి పంపించాడు.

మర్నాటి నుంచి ప్రయోగాలు మొదలయ్యాయి. మొదట ఉల్మెకెన్ హెల్మెట్ మీద ఎర్ర స్టిక్కరు అంటించింది: *ఇతనికి అనల్జిన్ వద్దు.* హెల్మెట్ తాడు కాదు, లోహం కాదు, ఊగదు, చిక్కుకోదు. రుదెకె కూడా తలూపాడు. ఆ ఏర్పాటు సరిగ్గా మొదటి టీ వేళ దాకా నిలిచింది. టీ గదిలో ఇరవై హెల్మెట్లు ఒకే బల్ల మీద ఉంటాయి, చేతికందింది తలకెక్కుతుంది. కెంజెతాయ్‌ది వెల్డరు మాలిక్‌ఐదర్ తలకెక్కింది. అదే రోజు మాలిక్‌ఐదర్‌కి పన్ను పోటు. వైద్య గదికి పరిగెత్తాడు.

"అనల్జిన్ ఇవ్వు అక్కా, చచ్చిపోతున్నా!"

కాలనీకి వచ్చి రెండు రోజులే అయిన ఉల్మెకెన్‌కి మొహాలింకా గుర్తు లేవు. హెల్మెట్ చదివింది. "ఇస్తే నిజంగా చస్తావు," అంది.

"నేనా?"

"నువ్వే. రాసుంది చూడు."

మాలిక్‌ఐదర్ హెల్మెట్ తీసి చదువుకుని అక్కడే కూలబడ్డాడు. ఉప్పునీళ్లు పుక్కిలిస్తూ సాయంత్రం దాకా ఏడ్చాడు. కానీ తనలో ఇంత ప్రమాదం దాగి ఉందని తెలిశాక వాడిలో ఒక హుందాతనం వచ్చింది. వంటగదిలో వాడికి మెత్తటి మాంసం వేరేగా తీసిపెట్టేవారు. వారంలో రుదెకె హెల్మెట్లకి నంబర్లు వేయించి, ఎవరి తల మీద ఏది ఉంటే అది వాళ్ల పేరునే రాశాడు. స్టిక్కరు చట్టప్రకారం మాలిక్‌ఐదర్‌ది అయిపోయింది. కెంజెతాయ్ ఒకటి రెండుసార్లు నోరు తెరిచాడు. కానీ ఏమని అడుగుతాడు? నా జబ్బు నాకివ్వు అనా?

రెండోది రబ్బరు పట్టీ. గట్టిగా లాగితే తెగిపోయే రకం, అసలు ఇలాంటి చోట్లకే చేసింది. రుదెకె దాన్ని నాలుగుసార్లు లాగి, నాలుగుసార్లూ తెగేసరికి సంతృప్తిపడి, "మంచి వస్తువు. కానీ రూల్లో మణికట్టు ఖాళీగా ఉండాలని ఉంది. పెద్దాఫీసుకి రాస్తాను," అన్నాడు. రాశాడు కూడా. పరిశీలిస్తున్నామని జవాబొచ్చింది. తర్వాత పరిశీలన కొనసాగుతోందని ఇంకో జవాబొచ్చింది.

"అసలు మీరు ఆ కడియం మీద ఏముందో చదివారా?" అని ఉల్మెకెన్ అడిగింది ఒకరోజు.

"చదవడం నా శాఖ కాదమ్మా. ఇనుమా, కాదా? అదొక్కటే నా శాఖ."

ఇక్కడ బల్‌ఖియా అవ్వ రంగంలోకి దిగింది. కెంజెతాయ్ అత్తగారు, ఎనభై దాటిన మనిషి, ఒంటెపాలు తాగి ఒంటెలాగే బలంగా ఉంటుంది. అల్లుడు రోజూ దారి కొలుస్తున్నాడని విని, ఒక సాయంత్రం కడియం లాక్కుని మడిచి, ముక్కోణం తోలు సంచిలో పెట్టి, గుర్రపు వెంట్రుకతో నాలుగు వైపులా కుట్టేసింది. చూస్తే అచ్చం తాయెత్తు. పసిపిల్లల జుబ్బాకీ, గుర్రం మెడకీ, లారీ అద్దానికీ కట్టే తాయెత్తు. లోపల మంత్రించిన కాగితం ఉంటుంది, దాన్ని ఎవరూ విప్పరు. విప్పినవాడికి మంచి జరిగిన దాఖలా లేదు.

"మెడలో వేసుకో," అందావిడ.

"మెడలో తాడంటే రుదెకె ఉరి అంటాడు అత్తా."

"అయితే కోటుకి కుడతా. ఇటు తిరుగు."

కోటు లోపలి వైపు, గుండె మీద కుట్టింది. మర్నాడు గేటు దగ్గర రుదెకె కోటు తడిమాడు, తోలు తగిలింది, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అరవయ్యేళ్లుగా ఈ జనంతో కలిసి తిన్న మనిషి, పుట్టినప్పుడు ఆయనకీ పొరుగింటి అవ్వ ఒకటి కట్టిందట. "తాయెత్తా? పో పో," అన్నాడు. ఉల్మెకెన్ కూడా తోలు మీద నుంచే చూసి, కళ్లకద్దుకుని, 'ఉన్నది' అని రాసింది. మూడు నెలలు లోకం సాఫీగా నడిచింది. కెంజెతాయ్ బతుకులో అంత సుఖమైన రోజులు లేవు. కడియం ఉంది, గేటు తెరిచి ఉంది, ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు. మూసిన సంచిలో ఉన్న మాటని ఎవరు చదువుతారన్న ప్రశ్న ఒక్కటే ఎవరికీ తట్టలేదు. అతనికి కూడా.

నాలుగో నెల్లో ఒక మధ్యాహ్నం, బెల్టు మలుపు దగ్గర కొబ్బరికాయంత రాయి ఎగిరి కెంజెతాయ్ హెల్మెట్‌ని తాకి, భుజం మీదికి జారింది. పడిపోయాడు. కళ్లు మూతపడ్డాయి, నాలుక చచ్చుబడింది, చెయ్యి కదలడం లేదు. చెవులు మాత్రం ఎన్నడూ లేనంత శుభ్రంగా పనిచేస్తున్నాయి. ఎందుకంటే బెల్టు ఆపేశారు. ఇరవై రెండేళ్లలో మొదటిసారి అక్కడ మనుషుల మాటలు వినపడ్డాయి.

"మెడ కదపొద్దు! భుజం ఎముక పోయినట్టుంది."

"మూలుగుతున్నాడు పాపం."

"నర్సమ్మేది?"

"పట్నంలో ట్రైనింగు. జుమాదిల్‌ని పిలిచారు, వస్తున్నాడు."

ఆ పేరు కెంజెతాయ్‌కి బాగానే వినపడింది. జుమాదిల్ మంచివాడే. కానీ నలభయ్యేళ్ల నౌకరీలో ఆయన సంచిలో ఒకటే సూది. పంటికీ అదే, నడుముకీ అదే, పెళ్లాంతో గొడవపడి వచ్చినవాడికీ అదే. పైగా రిటైరయ్యాక ఆయనకి గుర్తున్నవి రెండే: ఆ సూది, తన పెన్షను తేదీ.

"తప్పుకోండి, తప్పుకోండి," వగరుస్తూ వచ్చాడు జుమాదిల్. "ఎవరిది? కెనెకెనా? అయ్యో. నొప్పి తగ్గాలంటే ముందు అనల్జిన్."

*వద్దు*, అన్నాడు కెంజెతాయ్ లోపల. బయటికి 'ఊ' అని వచ్చింది.

"చూశారా, కావాలంటున్నాడు," అన్నాడు జుమాదిల్.

"ఆగు ఆగు! అనల్జిన్ పడనివాడు ఒకడు ఈ షిఫ్టులో ఉన్నాడు!" ఎవరో అరిచారు. కెంజెతాయ్ ప్రాణం లేచి వచ్చింది. ఆ గొంతే మళ్లీ: "మాలిక్‌ఐదర్! వాణ్ణి దూరంగా జరపండి, సూది పొరపాటున గుచ్చుకోగలదు!"

మాలిక్‌ఐదర్ భయంతో పది అడుగులు వెనక్కి పోయాడు.

"అసలు కెనెకె ఫైల్లో కూడా ఏదో ఉండేది," గొణిగాడు జుమాదిల్. "నేనే రాశాను. ఏం రాశానబ్బా? ఒంటి మీద ఏదో ఉన్నదని రాసేవాణ్ణి."

"తాయెత్తు ఉంది ఒంటి మీద."

"దాన్లో ఏముంది?"

"మంత్రం. ఇంకేముంటుంది?"

"విప్పి చూస్తే?"

కంకర మీద బూట్లు ఒక అడుగు వెనక్కి జరిగిన చప్పుడైంది.

"నువ్వు విప్పు."

"నాకు ముగ్గురు పిల్లలున్నారు, నువ్వు విప్పు."

"కుట్టినావిణ్ణి అడిగితే పోలా? బల్‌ఖియా అవ్వకి ఫోను చెయ్యండి."

సిగ్నలు కంకర గుట్ట మీదే దొరుకుతుంది. సూదికి దూరంగా ఉండాలన్న ఆత్రంలో మాలిక్‌ఐదరే పైకి పాకాడు. గుట్ట మీంచి వాడి కేకలు వినపడుతున్నాయి. "అవ్వా, నేను మాలిక్‌ఐదర్ని! ఆ, తిన్నాను! ఆ, పశువులు బాగున్నాయి! పిల్లలూ బాగున్నారు! పన్నా? పన్ను పీకించేశాను! అవ్వా, కెనెకె తాయెత్తు విప్పొచ్చా?" అవ్వ చెప్పింది విన్నాడు. తర్వాత కిందికి అరిచాడు: "విప్పినవాడి చెయ్యి మోచేతిదాకా ఎండిపోద్దంట! ఎవడా విప్పేది, వాడి పేరు చెప్పమంటోంది!"

"ఎందుకో చెప్పరా!"

"లైను పోయింది!"

కెంజెతాయ్‌కి ఏడుపొచ్చింది, కన్నీళ్లు రాలేదు. గుండె మీదే ఉంది మాట. వేలెడు దూరం లేదు. రెండు భాషల్లో ఉంది. జుమాదిల్ సీసా మూత విరిచిన చప్పుడు, సూదిలోకి మందు లాగిన చప్పుడు, దూది తడిపిన వాసన. దినానికి మళ్లీ కుమ్మెత్తు గుర్రాన్నే చూస్తారు, సందేహం లేదు.

"స్ట్రెచర్ మీదికి ఎత్తండి, ఎత్తాక పొడుస్తా."

ఎత్తారు. కోటు పక్కకి జారింది. గుండె మీది తోలు సంచి స్ట్రెచర్ ఇనుప గొట్టానికి తగిలి 'టంగ్' మంది.

"ఆగండి," అంది ఇంకో గొంతు. రుదెకె అప్పుడే గేటు నుంచి వచ్చాడు. "మంత్రం మోగదు."

సంచిని వేలితో మళ్లీ గొట్టానికేసి కొట్టాడు. టంగ్.

"ఇనుము!" రుదెకె అరిచాడు. భయంతో కాదు, అవమానంతో. "మూడు నెలలు! నా గేటు లోంచి! నా కళ్ల ముందు నుంచి ఇనుము!"

"రుదెకె, ముట్టుకోకు, చెయ్యి ఎండిపోద్ది!"

"ఎండిపోనీ. ఇప్పటికే ఒక వేలు తక్కువ," అంటూ కత్తి తీసి, ఎడమ చెయ్యి వాడాడు, పోతే అదే పోనీ అన్నట్టు. గుర్రపు వెంట్రుక తెగిన చప్పుడు కెంజెతాయ్ విన్నాడు. తోలులోంచి కడియం జారి స్ట్రెచర్ మీద పడింది. తర్వాత రుదెకె, జీవితంలో మొదటిసారి తన శాఖ కాని పని చేస్తూ, పైకి చదివాడు:

"అనల్జిన్ పడదు. సూది వేస్తే ప్రాణం పోతుంది."

సూది జుమాదిల్ చేతిలోంచి కంకరలోకి పడింది. గుట్ట మీంచి మాలిక్‌ఐదర్ అరిచాడు: "అయితే నాకు?"

రుదెకె జేబులోంచి పుస్తకం తీసి, స్ట్రెచర్ పక్కన మోకాళ్ల మీద కూర్చుని, 'నిషిద్ధ లోహం దాచి తెచ్చినందుకు' అని ఫిర్యాదు రాసి, స్పృహ లేని మనిషి సంతకం ఎలా తీసుకోవాలో తెలియక, చివరికి ఏడ్చేశాడు.

భుజం ఎముక అతుక్కోవడానికి ఆరు వారాలు పట్టింది. ఆ ఆరు వారాల్లో రుదెకె, ఉల్మెకెన్ ఒకే బల్ల దగ్గర కూర్చుని ఒకే కాగితం రాశారు. కోక్‌తాస్‌లో అలా జరగడం అదే మొదలు. కడియం గేటు దగ్గరి పెట్టెలో ఉంటుంది, ఇంటికి పోయేటప్పుడు పెట్టుకోవచ్చు. లోపల మాత్రం కోటు బయటి వైపు, గుండె మీద, అరచేయంత తెల్ల గుడ్డ, నాలుగు అంచులూ చదునుగా కుట్టి, ఎర్ర అక్షరాలు. ఇనుము లేదు, వేలాడేది లేదు, దాచేది లేదు. కోటు ఎవరికీ అరువివ్వకూడదు. షిఫ్టులో ఇద్దరికి ఆ సంగతి నోటితో చెప్పాలి. చెప్పేటప్పుడు రోగానికి వినపడకుండా బెల్టు నడుస్తుండాలి. ఈ చివరి షరతు బల్‌ఖియా అవ్వ పెట్టింది. మాలిక్‌ఐదర్ స్టిక్కరు పీకేశారు. వాడు వారం రోజులు ఎవరో చనిపోయినట్టు తిరిగాడు.

ఆ తర్వాత షిఫ్టంతా తమకీ గుడ్డ కావాలంది. ఒకడు 'ఉల్లి పడదు' అని కుట్టించుకున్నాడు, ఇంకొకడు 'తొందరపెట్టరాదు' అని. 'అత్తగారు పడదు' అన్నవాణ్ణి మాత్రం ఉల్మెకెన్ వెనక్కి పంపింది, వైద్య ధ్రువపత్రం తెమ్మని.

కెంజెతాయ్ పనిలో చేరిన రోజున భోజనశాలలో సభ పెట్టారు. పెద్దాఫీసు నుంచి మెచ్చుకోలు పత్రం వచ్చింది, దాంతో పాటు ఒక బహుమతి కూడా. రుదెకె డబ్బా తెరిచాడు. మొహం పాలిపోయింది. చేతి గడియారం. ఉక్కు పట్టీ.

"కెనెకె," అన్నాడు గొంతు సవరించుకుని. "ఇది చేతికి తొడగమని ఆర్డరులో ఉంది."

తొడిగాడు. చప్పట్లు కొట్టారు. షిఫ్టుకి పావుగంట ఉంది. భోజనశాల నుంచి గేటు దాకా ఇద్దరూ పక్కపక్కనే నడిచారు, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా. గేటు దగ్గర రుదెకె అటువైపు నిలబడ్డాడు, కెంజెతాయ్ ఇటువైపు.

"చెయ్యి చూపించు," అన్నాడు రుదెకె, నేలకేసి చూస్తూ.

కెంజెతాయ్ గడియారం విప్పి, ఆ తొమ్మిది వేళ్ల మనిషి చేతిలో పెట్టాడు. గుండె మీది తెల్ల గుడ్డని ఒకసారి అరచేత్తో నొక్కి చూసుకున్నాడు. కుట్లు గట్టిగానే ఉన్నాయి.

"దీన్ని ఏ శాఖ కింద రాయమంటావు?" అడిగాడు రుదెకె.

వెనక భోజనశాల గుమ్మంలోంచి ఉల్మెకెన్ కేకేసింది: "ఆగా, టీ పోశాను, తాగి పో!"

బెల్టు తిరగడం మొదలైంది. కెంజెతాయ్ అప్పటికే మలుపు దగ్గరికి నడిచిపోతున్నాడు.